మెడలో బాంబు తీసెయ్యండి, తాడు ఎవరి చేతిలో ఉందో చెప్పండి

మీ ప్రశ్న ఇదీ, తర్వాత చదివేవాళ్ళ కోసం క్లుప్తంగా చెప్తాను. వైజాగ్ దగ్గర అడవివరం సెంట్రల్ జైలు నుంచి ఏడుగురు ఖైదీల్ని గ్రహాంతరవాసులు ఎత్తుకుపోతారు. యారాడ కొండ అవతల సముద్రం అడుగున ఎప్పుడో కూలిపోయిన తమ నౌకలోంచి ఒక వస్తువు తెచ్చిపెట్టమంటారు. తేకపోతే మెడకి బిగించిన పట్టీ పేలిపోతుంది. మీ నవలిక చదివిన స్నేహితులు "వీళ్ళు ఎందుకు ఒప్పుకున్నారో, ఎందుకు ఎదురు తిరగలేదో నమ్మబుద్ధి కావట్లేదు" అన్నారు. ఏం మార్చాలి అని అడిగారు.

నేను కథలు రాసేవాణ్ణి కాదండీ. 27 ఏళ్ళు నీళ్ళ కింద పనిచేశాను, అందులో ఎక్కువ భాగం వైజాగ్‌లోనే. జెట్టీ స్తంభాలు, ఓడల అడుగు గీకడం, నీళ్ళు తోడే ఇన్‌టేక్ జాలీలు, మునిగిన బార్జిలు, ఇవే. మీ కథలో ఉన్న పని లాంటి పని చేశాను, ఇష్టం లేకుండా కూడా ఒకసారి చేశాను. అందుకే ఇంత పెద్దగా రాస్తున్నాను.

ముందు ఆ మెడపట్టీ తీసెయ్యండి. భయపడ్డ మనిషి నీళ్ళ కింద పనికిరాడు. ఇది లెక్క చేసి చూడొచ్చు. 12 లీటర్ల సిలిండర్‌లో 200 బార్ వరకు, అంటే రమారమి 200 వాతావరణాల ఒత్తిడి దాకా, గాలి నింపితే 2,400 లీటర్ల గాలి. కుదురుగా ఉన్న మనిషి చిన్నపాటి పని చేస్తూ నిమిషానికి 20 లీటర్లు పీలుస్తాడనుకుంటే ఒడ్డున అది 2 గంటలొస్తుంది. కానీ ప్రతి 10 మీటర్ల లోతుకీ ఒక వాతావరణ పీడనం వచ్చి చేరుతుంది, 30 మీటర్ల దగ్గర పైన ఉన్నదానికి 4 రెట్లు. అంటే అదే ఊపిరికి 4 రెట్లు గాలి ఖర్చు, 2 గంటల సిలిండర్ అరగంటలో అయిపోతుంది. పైకి రావడానికి, అవసరానికి అని మూడో వంతు పక్కన పెడితే చేతిలో మిగిలేది 20 నిమిషాలు. ఇప్పుడు ఆ మనిషి మెడలో బాంబు పెట్టండి. గుండె దడదడలాడుతుంది, ఊపిరి రెట్టింపవుతుంది. ఆ 20 కాస్తా 10 అయింది. నక్షత్రాలు దాటి వచ్చినవాళ్ళకి ఈ లెక్క తెలియదా? వాళ్ళకి కావలసింది ఆ వస్తువు, వీళ్ళ చావు కాదు. బెదిరింపు ఎంత పెంచితే పని అంత పాడవుతుందని మొదటి మనిషి పోగానే వాళ్ళు గ్రహించాలి. ఆ గ్రహింపు చూపిస్తే మీ గ్రహాంతరవాసులు ఒక్కసారిగా తెలివైనవాళ్ళుగా కనపడతారు, ఇంకా భయంకరంగానూ ఉంటారు.

మరి పట్టీ లేకపోతే పారిపోరా? పారిపోలేరు. దీనికి గ్రహాంతర సైన్సేమీ అక్కర్లేదు, మా పనిలోనే ఉంది. లోతులో పీల్చిన గాలిలోని నైట్రోజన్ రక్తంలో, కొవ్వులో, కీళ్ళలో కరుగుతూ పోతుంది. కాసేపుండి వచ్చేస్తే ఏమీ కాదు, 30 మీటర్ల దగ్గర 20, 25 నిమిషాల వరకు తిన్నగా నెమ్మదిగా పైకొచ్చెయ్యొచ్చు. అంతకు మించితే మధ్యలో ఆగి ఆగి రావాలి. ఆగకుండా వస్తే గోళీసోడా కొట్టినప్పుడు బుడగలు లేచినట్టు ఒంట్లో బుడగలు లేస్తాయి, కీళ్ళు మెలిపెట్టేస్తాయి, వెన్నులో చేరితే కాళ్ళు పడిపోతాయి. ఇంకా లోతుకెళ్ళి రోజుల తరబడి అక్కడే ఉంటే శరీరం ఇక పీల్చుకోలేనంత పీల్చేసుకుంటుంది. దాన్నే శాచురేషన్ అంటారు. ఆ స్థితికొచ్చాక వారం ఉన్నా నెల ఉన్నా పైకి రావడానికి పట్టే సమయం ఒకటే. రమారమి 30 మీటర్లకి ఒక రోజు, దానిమీద ఇంకో రోజు. 90 మీటర్ల లోతు ఒత్తిడిలో ఒక గదిలో ఉంచారనుకోండి, బయటికి రావడానికి 4 రోజులు. తలుపు తీసిపెట్టినా, కాపలా లేకపోయినా, పైన సూర్యుడి వెలుగు మసగ్గా కనపడుతున్నా వెళ్ళలేరు.

1983 నవంబరులో ఉత్తర సముద్రంలో బైఫోర్డ్ డాల్ఫిన్ అనే చమురు రిగ్గు మీద ఇలాంటి గదుల మధ్య బిగింపు ఊడి, 9 వాతావరణాల ఒత్తిడి ఒక్క క్షణంలో 1కి పడిపోయింది. లోపలున్న నలుగురు డైవర్లూ అక్కడికక్కడే పోయారు, బయట వాళ్ళకి సాయంగా ఉన్నవాళ్ళలో ఒకరు కూడా. మా పనిలో ఉన్నవాళ్ళు ఈ సంగతి చెప్పుకునేటప్పుడు ఇప్పటికీ గొంతు తగ్గిస్తారు. మీ ఏడుగురిలో ఒకడికి ఇది అర్థమై, మిగతావాళ్ళకి చెప్పే సీన్ రాయండి. సంకెళ్ళు తమ రక్తంలోనే ఉన్నాయని వాళ్ళకి తెలిసే సీన్ అది.

ఇంకో లాభం కూడా ఉంది. ఆ లోతులో మామూలు గాలి మత్తెక్కిస్తుంది, అందుకని హీలియం కలిపిన గాలి ఇస్తారు. హీలియంలో గొంతు బాతు అరుపులా మారిపోతుంది, పక్కవాడి మాట పక్కవాడికే అర్థం కాదు. మీ గ్రహాంతరవాసుల దగ్గర తెలుగుని తర్జుమా చేసే యంత్రం ఉందని రాశారు కదా. ఉండనివ్వండి. హీలియంలో శ్రీకాకుళం యాస దాన్ని దాటి పోతుంది. మొదట ఖైదీలకే అర్థం కాదు, మూడు రోజులకి చెవి అలవాటు పడుతుంది, ఆ మూడు రోజుల్లో చేతి సైగలు పుడతాయి. బంధించినవాళ్ళకి అందని ఒక భాష వాళ్ళకి అలా దొరుకుతుంది.

"ఎందుకు ఒప్పుకుంటారు" అన్నదే అసలు ప్రశ్న. దానికి నా సంగతి చెప్పాలి.

1998, నాకు 24 ఏళ్ళు. ఒక ప్లాంట్‌కి సముద్రపు నీళ్ళు తోడే ఇన్‌టేక్ దగ్గర పని. కింద జాలీ ఒక మూల ఊడింది, లోపలికి దిగి కొలత తీసి చెప్పాలి. వర్షాలు వెళ్ళిన రోజులు, నీళ్ళు టీ డికాషన్‌లా ఉన్నాయి. పంపులు ఆపేశామన్నారు. ఆపినట్టు కాగితం చూపించమని అడిగాను. కాంట్రాక్టర్ మనిషి చూపించలేదు, అరవనూ లేదు. నెమ్మదిగా "నీ ఇష్టం, రేపటి నుంచి వేరేవాణ్ణి చూసుకుంటాం" అన్నాడు. రెండు నెలల జీతం వాళ్ళ దగ్గరే ఉంది. ఇంట్లో చెల్లి పెళ్ళి అప్పు. దిగనని చెప్పే అవకాశం నాకుందా అంటే ఉంది, ఎవడూ కాళ్ళూ చేతులూ కట్టలేదు. "సరే" అన్నాను. నా కాళ్ళతో నేనే నిచ్చెన దిగాను.

ఆపింది రెండు పంపుల్లో ఒకటే. జాలీ అంచు మీద చెయ్యి వేశానో లేదో కుడి చెయ్యి మోచేయి దాకా లాగేసింది. ఆ లాగుడు ఎలాంటిదో మీకు లెక్కలో చెప్తాను. 30 సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న కన్నం, దానికి అటూ ఇటూ 3 మీటర్ల నీటి మట్టం తేడా ఉంటే చాలు, దాని మీద పడే బరువు 270 కిలోలు. ఏ మనిషీ దాన్నుంచి చెయ్యి పీక్కోలేడు. ఎడమ చేత్తో తాడు వెతుక్కుని రెండు, రెండు, రెండు లాగాను. "చిక్కుకున్నాను, సాయం కావాలి" అని దాని అర్థం. పైన తాడు పట్టుకుంది నాకు బాబాయి వరసయ్యే ఆయన. టెండర్ అంటాం మేము, తాడూ గాలి గొట్టమూ పట్టుకుని నిలబడే మనిషిని. కంగారుపడి తాడు లాగితే నా భుజం ఊడొచ్చేది. ఆయన లాగలేదు. తాడు పక్కవాడి చేతిలో పెట్టి పంప్ హౌస్‌కి పరిగెత్తి స్విచ్ కొట్టాడు. తర్వాత ఒడ్డున నా చెయ్యి పట్టుకుని తిప్పి తిప్పి చూసుకుంటూ "పీకుంటే నీ చెయ్యి వచ్చేసును గానీ నువ్వు రావురా" అన్నాడు. ఇప్పటికీ ఆ చేతికి మోచేయి పైన చర్మం తెల్లగా ఉంటుంది.

దీనివల్ల మీ కథకి ఏం కావాలో చెప్తాను. ఆ తర్వాత నెలల తరబడి నన్ను తిన్నది భయం కాదు, ఆ "సరే". బలవంతంగా చేయించినప్పుడు కూడా చివరి అడుగు మనమే వేస్తాం, అందుకే సిగ్గు వాళ్ళకి కాకుండా మనకి మిగులుతుంది. మీ నవలికలో ఏడుగురూ కోపంగా ఉన్నారు, ఒక్కరైనా సిగ్గుపడుతూ లేరు. నమ్మబుద్ధి కాకపోవడానికి కారణం అదేనని నాకు అనిపిస్తోంది. ఒకరు ముందుగా "సరే" అంటారు. ఎవరు, ఎందుకు అన్నది తేల్చుకోండి. మిగతా ఆరుగురూ అతన్ని చూసే చూపు రాయండి.

బంధించినవాళ్ళు కూడా పచ్చి బెదిరింపుతో మొదలుపెట్టరు, పేరు మార్చడంతో మొదలుపెడతారు. 1945 మేలో జర్మనీ లొంగిపోయాక డెన్మార్క్ పడమటి తీరంలో పది లక్షలకు పైగా మందుపాతరలు ఇసుకలో ఉండిపోయాయి. వాటిని తీసే పని అక్కడ చిక్కిన జర్మన్ సైనికులతో చేయించారు, వాళ్ళలో లేత వయసు కుర్రాళ్ళూ ఉన్నారు. 1929 జెనీవా ఒప్పందం ప్రకారం యుద్ధఖైదీలతో ప్రమాదకరమైన పని చేయించకూడదు. కాబట్టి వాళ్ళని యుద్ధఖైదీలు అనలేదు, "లొంగిపోయిన శత్రు సిబ్బంది" అన్నారు. పేరు మారింది, ఒప్పందం అడ్డు తొలగింది. ఆ తర్వాత 1949 ఒప్పందంలో 52వ అధికరణం పెట్టి మందుపాతరలు తియ్యడాన్ని ప్రమాదకరమైన పనిగా పేరుపెట్టి మరీ రాశారు. మీ గ్రహాంతరవాసులు ఈ ఏడుగురిని ఏమని పిలుస్తారు? ఖైదీలు అనరు. అతిథులనో, ఎంపికైనవాళ్ళనో, ఇంకేదో అంటారు. ఆ మాట కథలో మొదటి రోజే వినపడాలి.

మనవాళ్ళ కథ కూడా ఉంది. 1942, 43లో జపాన్ సైన్యం థాయ్‌లాండ్ నుంచి బర్మాకి 415 కిలోమీటర్ల రైలు మార్గం వేయించింది. యుద్ధఖైదీల గురించి అందరూ చెప్తారు, వాళ్ళలో 12,000 మందికి పైగా పోయారు. కానీ అంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువగా పోయింది ఆసియా కూలీలు. మలయా రబ్బరు తోటల్లో పనిచేసే తమిళులూ తెలుగువాళ్ళూ అందులో ఉన్నారు. కూలి ఇస్తామని, కొద్ది నెలల్లో పంపేస్తామని చెప్పి తీసుకెళ్ళారు. ఉత్తరాంధ్ర నుంచి మలయా, బర్మా వెళ్ళిన కుటుంబాలు మన వీధుల్లో ఎన్ని లేవు! మీ ఏడుగురిలో ఒకరి తాత అలా వెళ్ళి తిరిగి రానివాడైతే, "కొద్ది రోజుల్లో పంపేస్తాం" అన్న మాట వినగానే అతనికి ఏమనిపిస్తుందో ఆలోచించండి.

ఆ రైలు పనిలోనే ఖైదీలు చెదపురుగుల్ని పోగుచేసి వంతెన కలప సందుల్లో వదిలేవాళ్ళు. ఎదురుతిరగడం అంటే మీ స్నేహితులు తిరగబడి కొట్టడం అనుకుంటున్నారు. బలవంతపు పనిలో ఎదురుతిరగడం అలా ఉండదు. బోల్టు ఒక చుట్టు తక్కువ బిగించడం, కనపడ్డది కనపడలేదనడం, 10 నిమిషాల పని 15 నిమిషాలు చెయ్యడం, ఇలా ఉంటుంది. నీళ్ళ కింద ఏం జరుగుతోందో పైనున్నవాడికి కిందున్నవాడు చెప్తేనే తెలుస్తుంది. ఆ ఒక్క విషయంలో ఖైదీదే పైచేయి.

ఇంకో పెద్ద కన్నం మీ కథలో ఉంది, వాళ్ళే ఎందుకు దిగరు? యంత్రాన్ని ఎందుకు పంపరు? దీనికి జవాబు నా వేళ్ళలో ఉంది. హార్బర్ కాలువలో నీళ్ళ కింద చెయ్యి కళ్ళ ముందు పెట్టుకున్నా కనపడదు. నేను కళ్ళు మూసుకునే పనిచేసేవాణ్ణి, తెరిస్తే ఆ చీకటి తల తిప్పుతుంది. నట్టు మీద వేలు పెడితే ఏ సైజు స్పానర్ కావాలో తెలిసేది. స్తంభం మీద గుల్లలు ఎటువైపు ఎక్కువున్నాయో తడిమి నీటి వడి ఎటో చెప్పేవాణ్ణి. మీ గ్రహాంతరవాసులకి వెలుగు చూసే కన్నుండొచ్చు, ఇలా తడిమి తెలుసుకునే చెయ్యి లేదనుకోండి. ఆ కూలిన నౌకలో వాళ్ళ పరికరం ఏది పెట్టినా ఆగిపోతుందనుకోండి. అప్పుడు వాళ్ళకి మనిషి కావాలి, అదీ వెచ్చటి వేళ్ళున్న మనిషి. ఆ అవసరం వాళ్ళు దాచిపెడతారు, ఖైదీలు కనిపెడతారు.

మీ ఏడుగురూ హంతకులే ఎందుకయ్యారు? మన దేశం జైళ్ళలో ఉన్నవాళ్ళలో దాదాపు నాలుగింట మూడొంతుల మంది విచారణ ఖైదీలు, అంటే నేరం ఇంకా రుజువు కానివాళ్ళు. వాళ్ళలో ఒకడికి వచ్చే వారం బెయిల్ ఉందని రాయండి. ఏజెన్సీ నుంచి గంజాయి మూటతో దొరికిన కుర్రాడొకడు, పాడేరు వైపువాడు, సముద్రాన్ని జైలు వ్యాన్ కిటికీలోంచి తప్ప చూడనివాడు. జాలారిపేట మనిషొకడు. అతనికి లోతు తెలియకపోయినా సముద్రం తెలుసు, సింహాచలం కొండ, డాల్ఫిన్ నోస్, కైలాసగిరి, ఏది ఏ వరసలో కనపడితే తను ఎక్కడున్నాడో చెప్పగలడు. యావజ్జీవ ఖైదీ ముసలాయన ఒకడు, ఇప్పుడు సెంట్రల్ పార్క్ ఉన్నచోట పాత జైలున్నప్పటి నుంచీ లోపలున్నవాడు. అతనికి తెలిసింది ఎదురుచూడ్డం, కాపలావాడి మూడ్ కనిపెట్టడం. ఈ పనిలో సైనికుడి కంటే అలాంటివాడే ఎక్కువ రోజులు నిలబడతాడు.

యారాడ దగ్గర కూలిన నౌక అనగానే వైజాగ్‌వాళ్ళకి ఘాజీ గుర్తొస్తుంది, 1971 డిసెంబరు 3, 4 మధ్య రాత్రి మన తీరంలో మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి, ఇప్పటికీ అడుగునే ఉంది. దాని మాట ఎత్తకుండా రాస్తే ఇక్కడివాళ్ళు రచయితకి ఊరు తెలియదనుకుంటారు. ఒక్క వాక్యం చాలు. వీలైతే ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా పెట్టిన కురుసురా జలాంతర్గామి లోపలికి మళ్ళీ వెళ్ళండి, జనం తక్కువున్నప్పుడు. మధ్య గదిలో గోడకి ఒక చెయ్యి ఆన్చి ఒక్క నిమిషం కళ్ళు మూసుకుని నిలబడండి. మీ రెండో అధ్యాయంలో నౌక లోపలి వర్ణన అంతా చూపు మీదే నడిచింది, దాన్ని చేతి మీద నడపండి.

చివర్లో వాళ్ళు తిరిగొచ్చాక పోలీసులు వదిలేస్తారని రాశారు. అంత తేలిక కాదు. ప్రాణభయంతో చేసిన పనికి పాత శిక్షాస్మృతిలో 94వ సెక్షన్, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 32వ సెక్షన్ రక్షణ ఇస్తాయి గానీ, ఆ చావు అప్పటికప్పుడు జరిగేదై ఉండాలి, పైగా హత్యకి ఆ రక్షణ లేదు. మెడపట్టీ ఉంటే లాయరు పని సులువు. పట్టీ లేకుండా, తలుపు తెరిచే ఉన్న గదిలో వారం రోజులున్నవాడు "నన్ను బలవంతపెట్టారు" అంటే జడ్జి ఏమంటాడు? నన్ను ఆ రోజు ఎవరైనా కోర్టులో అడిగుంటే నేనూ జవాబు చెప్పలేకపోయేవాణ్ణి.

ఇక తాడు. మీ కథలో ఏడుగురూ కలిసి దిగుతారు. అలా ఎవరూ దిగరు. ఒకడు దిగితే ఒకడు తాడు పడతాడు, ఇంకొకడు సిద్ధంగా కూర్చుంటాడు. తాడు గ్రహాంతరవాసి పట్టుకుంటే ఏ ఖైదీ దిగడు, ఆ సంగతి రెండో రోజుకే వాళ్ళకి తెలిసిపోవాలి. అప్పుడు తాడు ఇంకో ఖైదీ చేతిలో పెడతారు. అక్కడితో బెదిరించాల్సిన అవసరమే వాళ్ళకి తీరిపోతుంది, ఎందుకంటే పైనున్నవాడు మొండికేస్తే చచ్చేది కిందున్న తనవాడే. కానీ అదే తాడు మీద ఆ ఇద్దరి మధ్య నడిచే మాట వాళ్ళ చేతిలో లేదు. ఒకటి లాగితే బాగున్నావా అని, కింద నుంచి ఒకటి వస్తే బాగున్నానని. నాలుగు లాగితే పైకి లాగమని. ఐదుకి మాకు అర్థం లేదు. మీవాళ్ళు దానికి ఒక అర్థం పెట్టుకోవచ్చు.

నేనైతే పాడేరు కుర్రాణ్ణి కిందికి పంపి, తాడు మొదట "సరే" అన్నవాడి చేతిలో పెడతాను. కింద నుంచి రెండు, రెండు, రెండు వస్తుంది. పక్కనున్న గ్రహాంతరవాసి లాగమంటాడు. వీడు లాగడు. ఆ సీన్ రాసి పెట్టండి, లోతులూ నిమిషాలూ నేను సరిచూసి చెప్తాను.